నానమ్మ పోలిక

2009 మార్చిలో నేను డెట్రాయిట్ దగ్గర ఒక పిల్లల ఆసుపత్రిలో అటెండింగ్ సర్జన్‌ని. అంటే ఆ విభాగంలో ఎవరు ఏం చేసినా చివరి సంతకం నాది. ఒక రోజు పక్క ఊరు ట్రాయ్ నుంచి ఆరేళ్ల మేఘన వచ్చింది. వెంట తల్లి సుధ, ఆవిడ అత్తగారు. పాప గొంతు మధ్యలో రేగిపండంత గడ్డ. రెండు వారాలుగా నిద్రలేక సుధ మొహం పీక్కుపోయింది. క్యాన్సర్ అనే మాట నోటితో అనలేక, "డాక్టర్ గారూ, ఇది అదేం కాదు కదండీ?" అని అడిగింది.

మన థైరాయిడ్ గ్రంథి తల్లి కడుపులోనే నాలుక మొదట్లో పుట్టి గొంతులోకి దిగుతుంది. దిగిన దారి మూసుకోకపోతే అక్కడ నీరు చేరి తిత్తి కడుతుంది. నాలుక చాపితే ఆ తిత్తి పైకి కదులుతుంది, అలా కదిలితే చాలావరకు భయం లేనట్టే. మా మొదటి పరీక్ష అదే. ఈ తిత్తి వంశంలో రావడం బహు అరుదు. అయినా ఫారంలో గడి ఉంది కాబట్టి అడిగాను, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని.

"మా ఇంటావంటా లేదు బాబూ," అన్నారు పెద్దావిడ, కోడలి వైపు ఒక చూపు విసిరి. లేదు అని రాసేశాను.

నాలుక చాపమంటే మేఘన పెదవులు బిగించింది. పెద్దవాళ్లను వెక్కిరిస్తే తప్పని నానమ్మే నేర్పిందట. సరే, అందరం చాపుదాం అని ముందు నేనే మొదలుపెట్టాను. సుధ చాపింది. మొహమాటపడుతూ పెద్దావిడా చాపారు. ఆవిడ నల్లపూసల వెనక ఒక ఉబ్బు టక్కున పైకి లేచింది!

"నానమ్మా, నీది కూడా జంప్ చేసింది!" అని మేఘన కేక పెట్టి, ఆ సంబరంలో తన నాలుకా బారెడు చాపింది. పాప గడ్డా లేచింది.

"ఇదా? మా అమ్మకీ ఉండేది. అమ్మ పోలిక వచ్చిందనేవారు. నొప్పా పాడా, జబ్బెలా అవుతుంది బాబూ?" అన్నారు పెద్దావిడ.

"అరవై ఏళ్ల నుంచీ ఉందా అత్తయ్య గారూ!" అంటూ సుధ ఏడుస్తూనే నవ్వేసింది. నాకూ సంతోషం ఆగలేదు. గదిలో ఉన్న నర్సుకు తెలుగు రాకపోయినా తనూ నాలుక చాపింది.

అయినా నానమ్మను చూసి మనవరాలికి తీర్పు చెప్పలేం. స్కాన్ తీయించాం. పాపది నీటి తిత్తే, థైరాయిడ్ తన చోట తను ఉంది. చీము పట్టకముందే తిత్తినీ, దాన్ని అంటుకున్న చిన్న ఎముక నడిమి ముక్కనూ తీసేశాను. ఎముక వదిలేస్తే మళ్లీ వస్తుంది. పెద్దావిడ స్కాన్‌కు ఒప్పుకున్నారు, ఆవిడదీ నీటి తిత్తే. కాని అమ్మ పోలికను కోయనివ్వలేదు.

ఫారంలో "లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాను. ఆవిడ అబద్ధమాడలేదు. నేను అడిగింది జబ్బు గురించి. రిటైరయ్యేదాకా ఆ గడి దగ్గరికొస్తే ముందుగా, "పాపది ఎవరి పోలిక?" అనే అడిగేవాణ్ణి.