ఫిల్టరక్క మొగుడు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే కృష్ణయ్య చేసే మొదటి పని తన ఇనుప కుర్చీని తెచ్చి కౌంటరు బల్లకు అడ్డంగా వేసుకోవడం. రోడ్డు దిగి వచ్చే బండివాళ్లకు ముందుగా తానే కనబడాలి. కాసేపటికి నాగులమ్మ వస్తుంది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, మొగుడు లేచిన సమయం చూసి కుర్చీని పక్కకు జరిపి, బల్ల వెనక్కి పోయి కూర్చుంటుంది. ఈ కుర్చీ సంగతి ఆలుమగలు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

కట్టంగూరులో హైవే పక్కన రేకుల షెడ్డు వాళ్లది. కృష్ణయ్య మీసాలు రాకముందే లారీ క్లీనరుగా పోయి, హైదరాబాదులో ఒక ఉస్తాద్ దగ్గర తిట్లూ దెబ్బలూ తిని ఇంజను పని నేర్చుకున్నాడు. తెలంగాణ వచ్చిన ఏడు ఊరికి తిరిగొచ్చి షెడ్డు వేశాడు. బానెట్ ఎత్తకుండానే చప్పుడు విని రోగం చెప్పేవాడు. "కృష్ణయ్య చెయ్యి పడితే బండికి మల్ల దవాఖాన ఉండది" అని వాడలో అందరూ అంటుంటే, విననట్టు నటిస్తూ వినేవాడు. సామాన్లు మాత్రం అమ్మేవాడు కాదు. ఆయిల్ మార్చాల్సిన కారు వస్తే, పాత ఫిల్టరు డబ్బా విప్పి బండాయన చేతిలో పెట్టి "నకిరేకల్ పోయి గిసొంటిదే పట్కరా" అనేవాడు. కొత్తది ఎంచడం అతని పని కాలేదు, ఎన్నడూ.

అది నాగులమ్మ పనయింది. జాకీ జారి కృష్ణయ్య కాలు విరిగి మంచం పట్టినప్పుడు, షెడ్డు మూతపడొద్దని ఆమె బల్ల వేసి ఆయిల్ డబ్బాలూ ఫిల్టర్లూ పెట్టింది. విప్పి బిగించడానికి కృష్ణయ్య తమ్ముడు మైసయ్య కొన్నాళ్లు వచ్చిపోయాడు. నాగులమ్మకు ఇంజను తెలియదు. కానీ పెళ్లికి ముందు నకిరేకల్‌లో గాజుల దుకాణంలో పనిచేసిన మనిషి. చెయ్యి పట్టి చూసి గాజు కొలత చెప్పడం అక్కడ అలవాటైంది. ఫిల్టర్లన్నీ చూపుకు ఒకే తీరు రేకు డబ్బాలు. మర కూడా చాలావాటికి ఒకటే, దేనికైనా ఏదైనా ఎక్కినట్టే ఉంటుంది. తేడా అంతా మూతి దగ్గరుండే రబ్బరు చుట్టులో ఉంది, అది సరిగ్గా కూర్చోకుంటే ఆయిలంతా కారిపోతుంది. నాగులమ్మ పాత డబ్బా రబ్బరు ఊడదీసి, డీజిల్‌తో తుడిచి, కొత్త డబ్బా మూతి మీద పెట్టి చూసేది. సరిగ్గా కూర్చుంటేనే ఇచ్చేది. పాతది తేనివాడికి ఎంత తొందరున్నా ఇచ్చేది కాదు.

కాలు బాగై కృష్ణయ్య మళ్లీ వచ్చేసరికి షెడ్డు పేరే మారిపోయింది. "ఫిల్టరక్క కాడికి పోతున్న" అంటున్నారు జనం.

మొదట్లో అతను కూడా నవ్వాడు. తర్వాత్తర్వాత ఆ నవ్వు గొంతులో చేప ముల్లయింది. ఒకసారి సూర్యాపేట వైపు నుంచి వచ్చిన డ్రైవరు బండి ఆపి లోపలికి తొంగి చూశాడు.

"అక్క లేదా?"

"నేనున్న గద."

"నువ్వున్నవ్‌లే. అక్క లేదా అంటున్న."

ఆ పూట కృష్ణయ్యకు అన్నం సయించలేదు. ఇరవై ఏళ్లు ఇంజన్ల కింద పండుకున్నది నేను, పేరేమో కూర్చున్నదానికా అని లోలోపల కుతకుతలాడాడు. పెళ్లాం ఎవరికన్నా డబ్బా ఇస్తుంటే పక్కనే నిలబడి, అడగకపోయినా పిస్టన్ల గురించీ వాల్వుల గురించీ గట్టిగా చెప్పేవాడు. వాళ్లు తల ఊపి, మళ్లీ ఆమెనే "అక్కా, గిది మంచిదేనా?" అని అడిగేవారు. పరాయివాడి మీద కుళ్లుకుంటే నలుగురితో చెప్పుకుని కడుపు చల్లార్చుకోవచ్చు. ఒకే కంచంలో తినే మనిషి మీద కుళ్లుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

అట్లాంటి రోజుల్లో ఒకనాడు నాగులమ్మ నకిరేకల్‌లో ఉన్న చెల్లెలింటికి పోయింది. ఆ మధ్యాహ్నమే సాల్మన్ కారు తెచ్చాడు. వాడకట్టు మనిషి, వరసకు బామ్మర్ది. చౌటుప్పల్ ఫార్మా కంపెనీకి షిఫ్టువాళ్లను తీసుకుపోయి తేవడం అతని బతుకుదెరువు.

"బావా, ఆయిల్ మార్చాలె. అక్క లేదా?"

"అక్క లేకుంటే బండ్లు నడువయా?"

"అబ్బో, గంత కోపమెందుకే! ఫిల్టరుకు ఓసారి ఫోన్ చేసి అడుగరాదు మరి."

ఆ ఒక్క మాటతో కృష్ణయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు కిందికి దూరి పాత డబ్బా విప్పాడు. సాల్మన్ చూస్తుండగానే దాన్ని చెత్త డ్రమ్ములోకి విసిరేశాడు. "పాతది చూసి ఎంచుడు నేర్చుకునేటోళ్ల పని. నాకు కండ్లున్నయి" అన్నాడు.

విసిరి, కొత్తది తీయడానికి అటు తిరిగాడు. అరలో నాలుగు వరసల డబ్బాలు. ఈ బండికి ఏదో తెలియదు.

"నువ్వు చాయ్ తాగిరా పో" అని బామ్మర్దిని హోటలుకు పంపి, దొంగలాగా డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. అందులో పొద్దున విప్పినవీ నిన్న విప్పినవీ పడి ఉన్నాయి, అన్నీ మడ్డి పట్టి ఒకటే నలుపు. చేతికి తగిలినదాన్ని ఇదేననుకుని తీశాడు. పెళ్లాం చేసినట్టే రబ్బరు ఊడదీశాడు, తుడిచాడు, కొత్త డబ్బా మూతి మీద పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. అప్పుడు అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంతేనా నీ విద్య, అనుకున్నాడు. కొత్త డబ్బా మర కూడా ఇబ్బంది లేకుండా ఎక్కింది. ఆయిల్ పోసి, షిఫ్టువాళ్లను ఎక్కించుకొమ్మని సాల్మన్‌ను పంపించాడు.

చెమట ఆరకముందే ఫోను మోగింది.

"బావా, నార్కట్‌పల్లి ఇంక రాలే, ఎర్ర లైటు వెలుగుతాంది. ఎనక రోడ్డంత ఆయిలే!"

"ఇంజన్ బందు చెయ్! ఒక్క అడుగు గూడ పోనియ్యకు. వస్తున్న."

డ్రమ్ములోంచి తీసి కింద పడేసిన పాత డబ్బా వైపు చూశాడు. ఊడదీసిన రబ్బరు సాల్మన్ బండిది కాదు, ఇంకెవరిదో. ఇప్పుడు ఏది తీసుకుపోవాలి? మళ్లీ గుడ్డిగా ఒకటి బిగిస్తే బామ్మర్ది ఇంజను పట్టేస్తుంది, అతని బతుకుదెరువు రోడ్డు మీదే ఆగిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పెట్టేశాడు. మళ్లీ తీసుకున్నాడు.

"ఏందయ్యా?" అంది నాగులమ్మ అటునుంచి.

"సాల్మన్ బండికి ఏ డబ్బా?"

"పాతది ఏది?"

"డ్రమ్ముల ఏసిన."

"మరి దేన్ని చూసి ఇచ్చినవ్?"

"డ్రమ్ముల నుంచి తీసిన. ఇంకోనిది తీసినట్టున్న."

నవ్వుతుందేమోనని కృష్ణయ్య పళ్లు బిగబట్టాడు. ఆమె నవ్వలేదు. "రెండో వరసల ఎడమ దిక్కుది అతనిది. ఉత్తగ నా మాట నమ్మి బిగియ్యకు. ఇంజన్ మీద పాత రబ్బరు ముద్ర ఉంటది, దాని మీద కొత్త రబ్బరు పెట్టి చూడు. ఆయిల్ డబ్బా మర్వకు" అంది.

బైకు మీద పోయేసరికి షిఫ్టువాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. సాల్మన్ ఒక్కడే కారు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. కృష్ణయ్య రోడ్డు పక్క మట్టిలోనే పండుకుని కారు కిందికి దూరాడు. ఇంజను మీద గుండ్రని ముద్ర తుడిచి, కొత్త రబ్బరు దాని మీద పట్టి చూశాడు. గీత మీద గీత కూర్చుంది. బిగించి, ఆయిల్ పోసి స్టార్టు చేయమన్నాడు. ఎర్ర లైటు ఆరింది. కింద ఒక్క చుక్క పడలేదు.

"బతికినం. డబ్బా పాడుదొచ్చిందా బావా?" అడిగాడు సాల్మన్.

అవునంటే సరిపోయేది. తప్పు ఫిల్టరు కంపెనీవాడి మీదికి పోయేది. కృష్ణయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"డబ్బా మంచిదే. నేనే తప్పు ఎంచిన."

"మరి గీ రెండోది?"

"మీ అక్క చెప్పింది."

"గందుకే గద బావా, రాంగనే అక్క లేదా అని నేనడిగింది!" అని సాల్మన్ పగలబడి నవ్వాడు. "కండ్లున్నయంటివి!"

కృష్ణయ్యకు ఆ నవ్వు దారి పొడుగునా వినిపిస్తూనే ఉంది. సాయంత్రం నాగులమ్మ వచ్చి, చెల్లెలు కట్టిచ్చిన సకినాలు గిన్నెలో పోసి పెట్టింది. ఇంటి ముచ్చట్లు చెప్పింది. ఫిల్టరు మాట ఎత్తలేదు. రెండు తిట్టినా కడుపులో బరువు దిగేది. ఆమె తిట్టకపోవడం కూడా గొప్పగానే అనిపించి, దానికీ కుళ్లుకున్నాడు.

సకినం కొరుకుతూ, గోడ వైపు తిరిగి, "మర ఒకటే ఉన్నప్పుడు నీకు డౌట్ ఎట్ల వస్తది?" అని అడిగాడు.

"డౌట్ రాదు. నాకు తెల్వదనుకొనే చూస్త" అంది నాగులమ్మ, మంచినీళ్ల చెంబు అతని వైపు జరుపుతూ.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి "అక్క లేదా?" అంటే కృష్ణయ్య మొహం ముడుచుకుంటుంది. నాగులమ్మ ఊరికి పోయిన రోజున ఫిల్టరు మార్చాలని కారు వస్తే, అతను రేపు రమ్మని చెప్పి పంపిస్తాడు.