వంకరగా బిగించిన కొత్త యాక్సిళ్లు

ఈ రోజు ఆటోనగర్ షెడ్డులో మా పాత ట్రైలరుకు అరిగిపోయిన రెండు యాక్సిళ్లనూ మార్పించాను. పాతవి విప్పినప్పుడు ఎడమవైపు ఒక ఇనుప రేకు అదనంగా కనిపించింది. దాని వల్ల ఆ పక్క యాక్సిల్ కొస కొంచెం వెనక్కి జరిగి ఉంది. ఎవరో చేసిన తప్పని నిర్ధారించుకుని, ఆ రేకును తీయించి, రెండు పక్కలా సమానంగా కొలిచి కొత్తవి బిగింపించాను. అన్ని కొలతలూ రాసుకున్నాను. తప్పే కదా అని ఆ రేకు మందం మాత్రం రాసుకోలేదు. పాత ఇనుమంతా మధ్యాహ్నానికే తుక్కు కొట్టుకు వెళ్లిపోయింది.

సాయంత్రం రోడ్డెక్కిస్తే ట్రైలరు పీతలా పక్కకు నడిచింది. తెల్లవారేసరికి అది స్టీలు ప్లాంటు గేటు దగ్గర లేకపోతే మా వంతు వేరే బండికి పోతుంది. ఈ నెలలో మాకు దొరికిన లోడు అదొక్కటే, పోర్టుకు.

ఏళ్ల తరబడి ఆ బండి నడుపుతున్న మా బావమరిది అప్పన్న కిందికి దిగాడు.

"ఛాసీ ఎప్పుడో వంగిపోనాది బావా. ఆ రేకుండబట్టే తిన్నగా నడిసీది. నువ్వేటి సేసినావు?"

"సరిచేశాను."

"అదే మరి."

ఒక్కొక్క రేకే పెట్టి, నడిపి చూసి, చివరికి అప్పన్న "సాలు" అన్నాడు. నేను టేపు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"కొలవకు బావా. కొలిస్తే మళ్లీ సరిసేసెత్తావు."

ఖాళీ బండి తిన్నగానే నడుస్తోంది. లోడెక్కాక ఎలా నడుస్తుందో రేపు పోర్టు రోడ్డు మీదే తెలియాలి. తప్పని తెలిసిన పనిని అలాగే వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నవారు మీలో ఉంటే, నిద్ర ఎలా పట్టిందో దయచేసి చెప్పండి.