రెండిళ్ళ జడ

పార్లరక్క వృత్తిలో మొదటి సూత్రం ఏమిటంటే, కుర్చీలో కూర్చున్న మనిషిని ఎదురుగా నిలబడి ఏమీ అడగకూడదు. వెనక నిలబడి, దువ్వెన పట్టుకుని, నోరు మూసుకుంటే చాలు. కాసేపటికి ఆ తలలో ఉన్నదంతా దానంతటదే బయటికొస్తుంది: అత్తగారి చాదస్తం, ఆడపడుచు ఎత్తిపొడుపులు, ఆఫీసులో ఎవరి కాళ్ళ కిందికి నీళ్ళొస్తున్నాయో ఆ వైనం. వీటన్నిటికీ ఆవిడ "ఊఁ" అనే ఒక్క అక్షరంతో న్యాయం చేస్తుంది. ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆవిడ తల్లి వయసువాళ్ళు కూడా పార్లరక్క అనే అంటారు.

షాపులో కుర్చీలు మూడు, పనిచేసే చేతులు రెండు. వెనక తలుపు తీస్తే ఇల్లు. ఊరంతా తల బాగుచేయించుకోవాలని ముచ్చటపడే ఆదివారం నాడే ఆవిడ షటరు దించేస్తుంది. ఇదేం వ్యాపారం అని అడిగినవాళ్ళకు "మా ఉడత వస్తుంది" అని జవాబు.

ఉడత ఆవిడ కూతురు, తొమ్మిదేళ్ళది. వారమంతా తండ్రి దగ్గర ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం వరకు తల్లి వంతు. ఒక పిల్లను వారంలో ఎలా పంచాలో కోర్టువారు చక్కగానే తేల్చారు గానీ, పంచగా వచ్చిన రోజుల్లో పిల్ల నోరు విప్పేలా చూడటం వారి పరిధిలోకి రాలేదు. "స్కూల్లో ఏం జరిగిందే?" అంటే "ఏం లేదు." "అక్కడ బాగుందా?" అంటే "ఊఁ." ఆ అక్షరం వాడకం ఎవరి దగ్గర నేర్చుకుందో తల్లికి తెలుసు కనక కోప్పడటానికి కూడా వీల్లేదు.

ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం లెక్క వేరు. తలస్నానం చేయించి, వంటగదిలో గోడవైపు తిప్పి స్టూలు మీద కూర్చోబెట్టి, నడుం దాటిన ఆ జుట్టు చిక్కు తీయడం మొదలుపెట్టగానే ఉడత గోడతో మాట్లాడేది.

"మా క్లాసు టీచరు నన్ను లీడరు చెయ్యలేదు. నేను ఏడవలేదు. బాత్రూంలో కొంచెం ఏడ్చాను, అది ఎవరూ చూళ్ళేదు కాబట్టి ఏడ్చినట్టు కాదు."

"ఊఁ," అనేది తల్లి.

"నా పక్కన కూర్చునే అమ్మాయికి కూడా రెండిళ్ళున్నాయి. కానీ వాళ్ళ రెండో ఇల్లు తాళం వేసి ఉంటుందిట. మనమే నయం కదమ్మా."

"ఊఁ."

చేయి తిరిగిన మనిషికి ఆ జుట్టు చిక్కు తీయడం ఎంతోసేపటి పని కాదు. అయినా గంట పట్టేది. పార్లరక్క లేని చిక్కులు కూడా తీసేది. మిగతా వారం ఎలా గడిచినా సరే, ఆ గంట ఉంటే గడిచినట్టే.

ఇక ఉడత తండ్రి. ప్రమాదంలో దెబ్బతిన్న వాహనాలను పరీక్షించి, ఏది పాత సొట్టో, ఏది కొత్త సొట్టో తేల్చి చెప్పే సర్వేయరు. కాపురంలోనూ ఆయన అదే పద్ధతి పాటించాడు. ప్రతి గొడవలోనూ పాత సొట్టలను వేరు చేసి, వాటికి తను బాధ్యుణ్ణి కానన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎక్కడ ఏం తప్పుందో కనిపెట్టకుండా ఉండలేడు, అంతే. విడాకులయ్యాక ఆవిణ్ణి "మీరు" అనడం మొదలుపెట్టాడు. కాపురమంతా ఎదురుచూసినా దొరకని మర్యాద ఆవిడకు ఆ విధంగా లభించింది.

పిల్లను దింపేటప్పుడూ, తీసుకెళ్ళేటప్పుడూ గేటు దగ్గర ఒకసారి చుట్టూ తిరిగి చూసేవాడు.

"మోకాలి కింద గీత ఉంది. శుక్రవారం లేదు."

"దోమ కుట్టింది."

"దోమ గీతలు పెట్టదండి."

"మీ అమ్మాయి గోక్కుంది. చిన్నదాన్ని పట్టుకుని అదేపనిగా గోకే గుణం ఎవరిదో మరి నాకు తెలీదు."

ఆయన రెండో భార్య ఒక స్కూల్లో క్రాఫ్టు టీచరు. అట్టలతో ఇళ్ళు, రంగు కాగితాలతో పూలు చేయించడం ఆవిడ ఉద్యోగం. ఆవిణ్ణి ఉడత ఏమని పిలవాలన్న విషయం మీద రెండు పక్షాల మధ్యా దీర్ఘమైన చర్చలు నడిచాయి. "పిన్ని" అనాలని సర్వేయరు. "పిన్ని అంటే నాకు చెల్లెలు. నాకు చెల్లెళ్ళు లేరు," అని పార్లరక్క. చర్చలు విఫలమయ్యాక ఉడత ఆవిణ్ణి ఏమీ పిలవకుండా, ముందు చిన్నగా దగ్గి తర్వాత మాట మొదలుపెట్టే పద్ధతి అలవాటు చేసుకుంది.

మిగిలింది జడ. టీచరు వేసే జడ పార్సిలు కట్టినట్టు బిగుతుగా ఉండేది. శుక్రవారం పిల్ల గడప దాటిందో లేదో పార్లరక్క దాన్ని విప్పేసి, మళ్ళీ తన పద్ధతిలో వేసేది. కక్షతో కాదు, వృత్తి గౌరవం కోసం అని ఆవిడ గట్టి నమ్మకం. ఆదివారం ఆవిడ వేసి పంపిన జడను అటు చేరగానే సర్వేయరు విప్పించేవాడు. పార్లరుకు నానా తలలూ వస్తాయి కనక పేల పరీక్ష. ఇంతవరకు ఒక్క పేను కూడా దొరకలేదు. దొరకనంత మాత్రాన ఆయన నిరుత్సాహపడలేదు.

ఇలా జరుగుతుండగా ఒక శుక్రవారం ఉడత కారు దిగింది. జడ దిగలేదు.

జుట్టు చెవుల కిందికి వచ్చేసింది. కుడివైపు పొట్టి, ఎడమవైపు పొడుగు, వెనక మెట్లు మెట్లుగా ఉంది. ఆ మెట్లు చూడగానే పార్లరక్కకు పనిముట్టు తెలిసిపోయింది. అది కాగితాలు కత్తిరించే కత్తెర, అందులోనూ మొద్దుబారింది.

"ఎవరే చేసింది?"

ఉడత చెప్పుల వైపు చూసుకుంది. కారులోంచి సర్వేయరు జవాబిచ్చాడు. "గమనించండి. జుట్టు మళ్ళీ పెరిగేదే. దీన్ని నష్టం కింద పరిగణించరు."

"ఎవరు కత్తిరించారని అడిగాను."

"మా ఇంట్లో జరిగినదానికి మీకు సంజాయిషీ చెప్పాల్సిన పన్లేదు. ఎలా ఉన్న తలను అలాగే తిరిగి పంపండి."

ఆదివారం తలస్నానం ఇలా మొదలై అలా అయిపోయింది. అలవాటు కొద్దీ పార్లరక్క స్టూలు గోడవైపు జరిపి దువ్వెన తీసుకుంది. ఉడత వేళ్ళతో తల ఒకసారి విదిలించుకుని, "ఆరిపోయిందమ్మా," అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది. దువ్వెన పట్టుకుని ఆవిడ ఖాళీ స్టూలు వెనక కాసేపు నిలబడింది.

ఆ మెట్లు సరిచేయడం ఆవిడకు చిటికెలో పని. చేయలేదు. ఎలా వచ్చిన తలను అలాగే పంపింది. ఊళ్ళో సగం తలలు చక్కబెట్టే మనిషి, సొంత కూతురి తలను సాక్ష్యంగా దాచిపెట్టింది.

మర్నాడు షాపులో, నెల నెలా రంగు వేయించుకునే మామ్మగారికి ఈ సంగతంతా చెప్పింది. కుర్చీ వెనక నిలబడ్డ మనిషి మాట్లాడటం ఆ షాపులో అదే మొదలు.

"సరిచేసి పంపకపోయావుటే?"

"నేనెందుకు చెయ్యాలి మామ్మగారూ? చేసినావిడ చేతిపని నలుగురూ చూడొద్దూ?"

"నలుగురూ చూసేది పిల్ల తల కదే. ఆవిడ చెయ్యి ఎవరికి కనపడుతుంది?"

"కదలకండి. చెవికి రంగంటుకుంటుంది."

"అంటుకోనీ. నా చెవి ఎవరు చూడొచ్చారు."

బుధవారం షాపు తలుపు తోసుకుని క్రాఫ్టు టీచరు వచ్చింది. పక్కన ఉడత. ఉడత నెత్తిన చెవులు కప్పేసే ఉన్ని టోపీ ఉంది, అదీ ఉక్కపోత రోజుల్లో.

"ఆయనకు చెప్పలేదండి. డ్రాయింగు క్లాసని చెప్పి తీసుకొచ్చాను," అంది టీచరు గుమ్మంలోనే నిలబడి. "స్కూల్లో ఎలుక కొరికిందని ఏడిపిస్తున్నారట. రెండ్రోజుల్నుంచీ టోపీ తియ్యట్లేదు. అన్నానికి కూడా."

పార్లరక్క పిల్లను కుర్చీ ఎక్కించి, టోపీ తీసింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"కాగితం కత్తెరతో కోశారు," అంది, అద్దంలో టీచరును చూస్తూ.

"ఒకవైపు తనే కోసేసుకుందండి, నేను వంటగదిలో ఉండగా. రెండోవైపు సరిచేద్దామని నేను... ఇంట్లో ఉన్నది ఆ కత్తెరేనండి."

"ఎందుకే తల్లీ?" అంది పార్లరక్క, అద్దంలో కూతురితో. ఉడత తల దించుకుంది.

అప్పుడు పార్లరక్కకు తన వృత్తి గుర్తొచ్చింది. కుర్చీని అద్దం మీంచి గోడవైపు తిప్పింది. జుట్టు తడిపి, మాట్లాడకుండా దువ్వసాగింది. కాసేపటికి గోడకు జవాబు అందింది.

"వచ్చాక ఇక్కడ నువ్వు విప్పుతావు. వెళ్ళాక అక్కడ నాన్న విప్పిస్తాడు. ఇక్కడా లాగుతారు, అక్కడా లాగుతారు. జడే లేకపోతే విప్పడానికి ఏం ఉండదు కదా."

పార్లరక్క "ఊఁ" అనబోయింది. అనకుండానే దువ్వెన పక్కన పెట్టి కత్తెర అందుకుంది. వెనక బెంచీ మీద టీచరు చేతిసంచీ సర్దుకోవడం వినిపించింది. ఎక్కువ తక్కువలు సమం చేయాలంటే ఉన్నది ఇంకా తగ్గించాలి. తగ్గించింది. మెడ కనపడేలా కత్తిరించాక ఉడత అద్దంలో అటూ ఇటూ చూసుకుని, సంతృప్తిగా రంగు పెన్సిళ్ళ కోసం లోపలికి పరుగెత్తింది.

పార్లరక్క చీపురు అందుకుంది. టీచరు కాళ్ళు పక్కకు జరుపుకుంది.

"ఇంక నాతో మాట్లాడదేమోనండి," అంది టీచరు.

"ఎవరు?"

"తనే. జడ వేసేటప్పుడే నాలుగు మాటలు చెప్పేది. మిగతా టైములో ఊఁ అంటుంది."

చీపురు ఆగింది. "మీతో కూడానా?"

"మీ దగ్గరా అంతేనా?"

ఆ గంట తనొక్కదానిదే అనుకుని పార్లరక్క ఇన్నాళ్ళూ బతికింది. "ఏం చెప్పేది?" అంది చివరికి.

"ఎక్కువగా మీ గురించేనండి." టీచరు కాస్త తటపటాయించింది. "మీరు నిలబడే భోంచేస్తారట. తను వచ్చినా మొదటిరోజు నిలబడే తింటారట, రెండోరోజుకి గుర్తొచ్చి పక్కన కూర్చుంటారట. ఆ మాట చాలాసార్లు చెప్పింది."

పార్లరక్క ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. తర్వాత, నిండు సభలో పరువు పోయిన మనిషి ఎదుటివాళ్ళ పరువు వైపు చూసినట్టు, తలెత్తింది.

"మీరు కుళాయి తిప్పి, బాత్రూంలో మీ అమ్మగారితో ఫోన్లో మాట్లాడతారటగా."

టీచరు ముఖం పాలిపోయింది. "అదీ చెప్పిందా?"

"నీళ్ళు వృథా అవుతున్నాయని దానికి బెంగ. కూర నోట్లో పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకుంటాడా ఇంకా?"

"మూసుకుంటారండి."

"మూసుకుని, ఇది ఇవాళ్టిదా, నిన్నటిదా అంటాడు."

"ఇవాళ్టిదేనంటే వాసన చూస్తారు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఒకేసారి ఆగిపోయింది. ఈ కారణంగా వారిద్దరూ స్నేహితులయ్యారని భావించడానికి వీల్లేదు. ఒకరి ఇంటి సంగతులు ఒకరికి చేరవేసే ఏకైక పత్రిక మూతపడిందని ఇద్దరికీ తెలిసొచ్చింది, అంతవరకే. ఆయన ఇంటికి వచ్చే వేళవుతోందని టీచరు లేచింది. టోపీ సంచీలో పెట్టేసింది.

శుక్రవారం సర్వేయరు గేటు దగ్గర గర్వంగా చెప్పాడు. "వెనక మెట్లు లేవు చూడండి. మా ఆవిడే మొత్తం సరిచేసింది. ఊరికే రాద్ధాంతం చేశారు మీరు."

తన చేతిపని ఇంకొకరి ఖాతాలో జమ కావడం చూసి కూడా పార్లరక్క "ఊఁ" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ స్టూలు తీయలేదు. పిల్లను పిలవలేదు. ఉతికిన తువ్వాళ్ళే మళ్ళీ మడతపెట్టింది. పక్కగదిలో ఉడత నేల మీద పడుకుని బొమ్మ వేసుకుంటోంది. పెన్సిలు కాగితం మీద నడిచే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఏదైనా అడుగుదామని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది. ఎదురుగా నిలబడి అడిగితే ఏం వస్తుందో తెలుసు కనక వెనక్కి వచ్చేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక మడతపెట్టిన తువ్వాళ్ళ మీద పెట్టుకుంది.

సాయంత్రం ఉడత గడప మీద కూర్చుని, వీధివైపు తిరిగి బూట్లు తొడుక్కుంటోంది. సంచీ పట్టుకుని తల్లి వెనక నిలబడింది. జుట్టు తగ్గిన మెడ మీద ఒక చిన్న పుట్టుమచ్చ కనిపించింది. అది అక్కడుందని ఇన్నేళ్ళూ ఆవిడ మరిచేపోయింది.

"మా క్లాసులో ఒకమ్మాయి ఉందమ్మా," అంది ఉడత, లేసులతో.

పార్లరక్క కదల్లేదు. సంచీ కింద పెడితే చప్పుడవుతుందని అలాగే పట్టుకుంది.

"తనేమో రోజూ..."

గేటు దగ్గర హారన్ మోగింది. ఆలస్యంగా రావడం సర్వేయరుకు తెలియని విద్య. ఉడత గబగబా ముడి వేసి లేచింది.

"తర్వాత?" అంది తల్లి.

"వచ్చేవారం చెప్తాలే."

కారు వెళ్ళిపోయింది. సోమవారం నుంచి పార్లరక్క ఎప్పట్లాగే ఊరివాళ్ళ తలల వెనక నిలబడింది. వాళ్ళ అత్తగార్లూ ఆడపడుచులూ బయటికి వచ్చి, వినేవాళ్ళు లేక వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి రోజూ ఏడుస్తుందా, రోజూ కొడుతుందా, రోజూ వచ్చి పక్కన కూర్చుంటుందా. దువ్వుతూ ఆ వాక్యాన్ని ఆవిడ తనే రకరకాలుగా పూర్తి చేసి చూసుకుంది. ఏదీ ఉడత చెప్పినట్టు లేదు.