ప్లగ్గు తీసినా ఆగని పంపు

మా ఆయన ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే ఇరవై ఏళ్ళుగా నేను ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను. కంప్యూటర్లు బిగిస్తాడంటే "ఓహో, రిపేరా" అంటారు. కాదు, నీళ్ళతో చల్లబడే కంప్యూటర్లు అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టెలో ఎలా ఉంటాయని వాళ్ళ అనుమానం. ఉంటాయి. మా ముందుగదిలో ఉంటాయి. ఆ రెండూ తగువు పడకుండా చూడడమే మా ఆయన ఉద్యోగం.

మామూలు కంప్యూటరులో వేడిని ఫ్యాన్లు విసిరి చల్లారుస్తాయి. అవి చేసే గోల ఇంతా అంతా కాదు. ఈయన పెట్టెల్లో ఆ వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. వేడెక్కే భాగం మీద రాగిబిళ్ళ, అక్కడి నుంచి గొట్టాలు, నీళ్ళను తిప్పడానికి పిడికెడంత పంపు. గొట్టాలు వంచడం చూసి తీరాలి. గట్టి ప్లాస్టిక్ గొట్టంలోకి రబ్బరు తాడు దూర్చి, వేడిగాలి తగిలిస్తూ, ఊపిరి బిగబట్టి వంచుతాడు. ఆ సమయంలో ఇంటికి నిప్పంటుకుందన్నా పలకడు. వీధిలో అందరూ ఆయన్ని గొట్టాలాయన అంటారు. నన్ను గొట్టాలాయన గారి భార్య అంటారు. నా పేరు ఎవరికి కావాలి.

ఆయనకో పద్ధతి ఉంది. గొట్టాలు బిగించాక ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పెడతాడు. కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా ఒక్క పంపును మాత్రమే రోజంతా తిప్పుతాడు. కాగితాలన్నీ పొడిగా ఉంటేనే తరువాతి పని. ఆఖరున కళ్ళు మూసుకుని పెట్టెకు చెవి ఆనించి కూర్చుంటాడు. ఆ చెవి పాస్ చేయనిదే పెట్టె గడప దాటదు. వంటగదిలో ఫ్రిజ్ చప్పుడు మారిందని ముందుగదిలోంచి చెప్పగలడు. నేను నమ్మను. వారం తిరక్కుండా ఫ్రిజ్ మూలన పడుతుంది. అలా నమ్మక చస్తానా, నమ్మాను.

అందుకే ఆ రోజు పొద్దున్న ఆయన "పంపులో గాలి చిక్కుకుంది" అన్నప్పుడు నాకు అనుమానమే రాలేదు.

ఆ పెట్టె కథలావిడది. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుందావిడ. ఉన్నది ఒకటే గది, ఆమె గొంతుతో పాటు కంప్యూటరు ఫ్యాను రొద కూడా మైకులో పడుతోందని మా దగ్గరికి వచ్చింది. మూడు వారాల్లో పెట్టె తయారైంది. కాగితాలు పొడిగా ఉన్నాయి. తీసుకెళ్ళమని కబురు పెట్టబోతూ ఈయన ఆగిపోయాడు.

"వినిపిస్తోందా? వూష్, వూష్ అని. ఆగి ఆగి వస్తోంది."

నాకు సన్నటి గుర్రు తప్ప ఏమీ వినపడలేదు.

"నీకు వినపడదులే" అన్నాడు, ఎప్పటిలాగే.

గాలిబుడగ బయటికి రావాలంటే పెట్టెను అటూ ఇటూ వాల్చాలి. చప్పుడుంది, ఆలస్యమవుతుందని కథలావిడకు కబురు పెట్టి రెండు రోజులు వాల్చాడు. పసిపిల్లకు త్రేన్పు రప్పించినట్టు భుజానికి ఆనించుకుని మెల్లగా తట్టాడు కూడా. నేను చాటుగా నవ్వుకున్నాను.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాన్లూ, ఎదురింటి కుట్టుమిషన్లూ, కింద దుకాణంలో మోటారూ అన్నీ ఒక్కసారిగా ఆగాయి. పక్కవాటాలో గోడగడియారం నడక వినిపించేంత నిశ్శబ్దం.

"ఇప్పుడైనా వినిపిస్తోందా?" అన్నాడు ఆయన.

"కరెంటు లేదండీ."

"తెలుసు."

అప్పుడు ఆయన ముఖం చూశాను. వెటకారం కాదు. పంపు మీద అరచెయ్యి వేసి తీశాడు. వంగి గోడలోంచి ప్లగ్గు పీకాడు. "ఇంకా తిరుగుతోంది" అన్నాడు. నేను గొట్టంలోకి చూశాను. నడిమి వంపు దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి ఆగి ఉంది. కాస్త కూడా కదలడం లేదు.

ఆ మధ్యాహ్నమే నీళ్ళన్నీ వంచేసి, పంపు ఊడదీసి, తుడిచి బల్ల మీద పెట్టాడు. వైరు లేదు, నీటిచుక్క లేదు. దాన్ని తదేకంగా చూస్తూ కూర్చున్నాడు. తరువాత దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కాసేపటికి మంచినీళ్ళకని వంటగదిలోకి వచ్చినవాడు గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇక్కడికీ వచ్చింది" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను, ఎవరో నిలబడి ఉన్నట్టు.

మా అత్తగారు ఆఖరి రెండేళ్ళూ ఖాళీ గదిలో మాటలు వినేది. ఎవరో పిలిచారని లేచి వెళ్ళేది, వాళ్ళకు జవాబులు చెప్పేది, చివరికి కన్నకొడుకునే ఎవరు నువ్వని అడిగింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఆ వేళ ఆయనే ఎత్తాడు, నా వైపు చూడకుండా.

"అమ్మకూ ఇలాగే మొదలైందేమో."

"ఊరుకోండి. చెవిలో గులిమి ఉండి ఉంటుంది."

"ఎవరికీ చెప్పకు. చెవి చెడిందన్నా పని పోతుంది, బుర్ర చెడిందన్నా పని పోతుంది."

చెప్పలేదు. చెప్పకపోవడం నా బుద్ధితక్కువ. పది రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆయన కొత్త పెట్టె ముట్టుకోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి తల పక్కకు వంచేవాడు. ముందుగది ఊడ్చడానికి వెళ్ళినప్పుడల్లా నేను కూడా చెవులు రిక్కించేదాన్ని. బీరువా ముందు చీపురు పట్టుకుని నిలబడి, లోపలేదో మెదిలిందనుకుని బయటికి పరిగెత్తిన రోజులున్నాయి. పట్టపగలే. నాకు భయం యంత్రం గురించి కాదు. రేపో ఎల్లుండో ఈ మనిషి కూడా నన్ను ఎవరు నువ్వని అడుగుతాడేమోనని.

ఒకరోజు మధ్యాహ్నం కథలావిడ తనే వచ్చేసింది. సంచీలో మైకు, రికార్డరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు.

"చప్పుడుందని ఇవ్వట్లేదట కదా అన్నయ్యగారూ. నా మైకుకు చీమ నడిచినా తెలుస్తుంది. ఒకసారి పెట్టి చూద్దాం."

ఆయన బీరువా తెరిచి పంపు తెచ్చాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు ఆయనకిచ్చి సంచీలో ఏదో వెతుకుతోంది. ఆయన పెట్టుకున్నాడు. వెంటనే కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇదిగో. ఇప్పుడు ఇంకా గట్టిగా వస్తోంది. వూష్, వూష్. మీరే వినండమ్మా."

ఆవిడ చెయ్యి సంచీలోనే ఆగిపోయింది. నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"నేనింకా వైరు గుచ్చలేదండీ" అంది మెల్లగా.

హెడ్‌ఫోన్ల వైరు ఆయన ముందు వేలాడుతోంది, ఎక్కడా తగిలించి లేదు. ఆయన వాటిని తీసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, నేల మీద కూలబడిపోయాడు.

"పెట్టె ఎవరిచేతైనా బిగించుకోండమ్మా. నేనిక ఈ పని చేయలేను."

ఆ మాట అన్న గొంతు నేనెన్నడూ వినలేదు. వెళ్ళి పక్కన కూర్చుని ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను. నా వేళ్ళు ఆయన మెడ మీద, కుడిచెవి కింద బిగుసుకున్నాయి. ఏడుపు ఆపుకోవడానికి అలా పట్టుకున్నానేమో.

"ఆగింది" అన్నాడు.

ఉలిక్కిపడి చెయ్యి తీశాను.

"మళ్ళీ మొదలైంది."

వేళ్ళు మళ్ళీ అక్కడే పెట్టి నొక్కాను. "ఆగింది." తీశాను. "వస్తోంది." మూడోసారీ అంతే. పంపు చూస్తే బల్ల మీద ఉంది. దాని స్విచ్చు నా వేళ్ళ కింద, మనిషి మెడలో ఉంది.

కథలావిడే ముందు తేరుకుంది.

"వదినగారూ, అక్కడ మీరొకసారి చెవి పెట్టి వినండి."

పెట్టాను. కుడిచెవి వెనక, ఎముక మీద, నా చెవి గట్టిగా ఆనించాను. ముందు నా ఊపిరే వినపడింది. ఊపిరి ఆపాను. వూష్. వూష్. వూష్. పది రోజులుగా ఆయన నోటితో చేసి చూపించిన చప్పుడు, అచ్చంగా అదే, ఆయన తలలోంచి వస్తోంది. ఆయన మణికట్టు పట్టుకుని చూశాను. నాడి దానికి సరిగ్గా తాళం వేస్తోంది.

"ఏమైంది?" అన్నాడు.

"మీకు పిచ్చి లేదండీ. నేనూ విన్నాను."

ఆయన నవ్వాడు. పది రోజుల తరువాత మొదటిసారి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "చెప్పానా, నా చెవి అబద్ధం చెప్పదని" అన్నాడు. చెవి గెలిచినందుకు ఆయన మురిసిపోతున్నాడు. బీరువాలో ఉందనుకున్నది నా మొగుడి తలలో ఉంది. ఇన్నాళ్ళూ గులిమి అనుకుంటూ దాన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాను.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళాం, కథలావిడ తోడు వచ్చింది. డాక్టరమ్మ మొదట నవ్వుతూనే మాట్లాడింది. చెవి వెనక స్టెతస్కోపు పెట్టాక నవ్వు ఆపేసింది. మర్నాడు స్కానింగుల తరువాత విషయం చెప్పింది. కలవకూడని చోట రెండు రక్తనాళాలు కలిశాయి. నెమ్మదిగా పాకవలసిన నెత్తురు అడ్డదారిన దూకుతోంది, ఆ ఉరవడే చప్పుడు. ఆ దెబ్బకు నాళం ఏ రోజైనా చిట్లవచ్చు.

"లీకుందా?" అని అడిగాడు ఈయన.

"ఇంకా లేదు."

"అయితే ఇప్పుడే మూసేయండి. కారాక చేసేదేమీ ఉండదు."

ఎవరి తల గురించో మాట్లాడుతున్నట్టు అన్నాడు. నేను బయటికి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

తొడలోంచి సన్నటి గొట్టం పంపి, తలదాకా తీసుకెళ్ళి, ఆ కలిసిన చోటు మూసేశారు. ఎంత సన్నటి గొట్టమో, ఏ జిగురు వాడారో తెలుసుకునేదాకా ఈయన డాక్టరమ్మను వదలలేదు. చప్పుడు పోయింది. రెండు నెలల తరువాత కథలావిడ పెట్టె బిగించి ఇచ్చాడు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనమయ్యాక డాక్టరమ్మ చెప్పినట్టు గంటసేపు పడుకుంటాడు. పట్టుమని పది నిమిషాలు కాకుండానే నేను వెళ్ళి ఆయన కుడిచెవి వెనక చెవి ఆనిస్తాను. ఏమీ వినిపించదు. వినిపించకపోతేనే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. నా మనసుకు అది ఎక్కదు. ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను, వెచ్చగా తగులుతుంది, అప్పుడు వెళ్ళి గిన్నెలు తోముకుంటాను.

మొన్న అలాగే వేలు పెట్టాను. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఉన్నానులే. వెళ్ళి పని చూసుకో" అన్నాడు.

ఎన్నాళ్ళుగా మెలకువగా ఉండి నన్ను చూడనిస్తున్నాడో నేను అడగలేదు. గిన్నెలు అలాగే వదిలేసి, ఆయన లేచేదాకా అక్కడే కూర్చున్నాను.