మా ఆయన గాలం పట్టిన చలికాలం

నేను ఒకచోట కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే. మధిర దగ్గర మా పుట్టింట్లో నాట్లు వేసేటప్పుడు ఒక మడి పూర్తికాకముందే నా చూపు పక్క మడి మీద ఉండేది. అన్నం తింటూ కూడా ఏదో పని గుర్తొచ్చి లేచేదాన్ని. నీ కాళ్ళకు చక్రాలున్నాయే అని మా అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, గాలం వేసి పొద్దంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే మనిషికి కట్టబెట్టారు. ఆ దేవుడికి నా మీద ఏం కోపమో నాకిప్పటికీ తెలియదు.

పాపం, పెళ్ళినాటికి ఆయన గాలం మనిషి కాదు. బొగ్గుబావిలో టింబర్‌మన్. అంటే బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. నిలబెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి, ఆ మోత వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుందట. వదులైనది డొల్లగా మోగుతుందట. ఈ సంగతి ఆయన నాకు పెళ్ళైన కొత్తలో ఇంట్లో మంచినీళ్ళ కుండను వేలితో కొట్టి చూపించాడు. నాకు రెండు మోతలూ ఒకటిగానే వినిపించాయి. తేడా తెలిసిందని అబద్ధం చెప్పాను.

ఆయన నాకు వరసకు బావ. పెళ్ళయ్యాక ఎనభైల్లో కొత్తగూడెం పక్కన కంపెనీ క్వార్టర్‌లో కాపురం పెట్టాం, మా అత్త కూడా మాతోనే ఉండేది. కాపురానికి వచ్చిన మొదటి వారమే ఒక తప్పు చేశాను. ఆయన తెల్లవారుజామున ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరి గడప దాటబోతుంటే, ఎప్పుడొస్తవ్ బావా అని అడిగాను. ఒక కాలు బయట పెట్టినవాడు పెట్టినట్టే వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. కాసేపాగి, మళ్ళీ లేచి వెళ్ళాడు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

“బాయికి పొయ్యేటోన్ని ఎప్పుడొస్తవని అడుగుతరా బిడ్డా? ఈడ ఎవ్వలూ అడగరు.”

మా వైపు కూడా బయటికి వెళ్ళేవాళ్ళను ఎక్కడికని అడగరు, దూరమా అంటారు. కానీ ఎప్పుడు వస్తావని అడగకూడదన్నది నాకు కొత్త. తర్వాత గమనిస్తే కాలనీ మొత్తం అంతే. సైరన్ మోగేవేళ ఆడవాళ్ళందరూ గడపల్లో నిలబడేవాళ్ళు, ఎవరి నోటా మాట ఉండేది కాదు. నాలాంటి వాగుడుకాయకు అది ఎంత కష్టమో చెప్పలేను. నాలుక కరుచుకుని నిలబడేదాన్ని.

ఆ సంవత్సరం వానలు వెనకపట్టే రోజుల్లో బావిలో కప్పు కూలింది. మా ఆయనతో ఏళ్ళ తరబడి జతగా పనిచేసే మనిషి కాలు నుజ్జయింది. దవాఖానాలో మోకాలి కింద తీసేశారు. మా ఆయనకు మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. గాయం మానింది, లీవు అయిపోయింది, ఆయన మాత్రం పనికి వెళ్ళలేదు. ఇంకో లీవు పెట్టాడు. అదీ అయిపోయింది. చలికాలం వెళ్ళేలోగా డ్యూటీకి రాకపోతే పేరు కొట్టేస్తారని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. పేరు పోతే క్వార్టర్ పోతుంది. మాకు వేరే నీడ లేదు. నేను అరిచాను, బతిమాలాను, అలిగి పస్తున్నాను. ఆయన అన్నీ విని, సన్నని వెదురు ఒకటి నరికి తెచ్చుకుని దానికి నైలాన్ దారం కట్టుకున్నాడు.

ఇక రోజూ అదే. పొద్దున్నే కుళాయి కాలువ పక్కన మట్టి తవ్వి ఎర్రలు ఏరుకోవడం, నీళ్ళ మీద తేలేలా జొన్న బెండు ముక్క దారానికి గుచ్చుకోవడం, సైకిలెక్కి ములకలపల్లి దారిలో అడవి పక్కనున్న చెరువుకు పోవడం. సరే, చేపలన్నా తెచ్చేవాడా అంటే అదీ లేదు. ఎవరన్నా వానాకాలం గాలం వేస్తారు. చలి ముదిరాక చేప పైకి రాదు, తినదు, అడుగున బురదలో ముడుచుకుని పడుంటుంది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే. తెలిసి తెలిసి పోయి ఆ మంచులో కూర్చునేవాడు. సాయంత్రం ఉత్త చేతులతో, నీలం తిరిగిన పెదాలతో వచ్చేవాడు. నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఊడ్చిన వాకిలే ఊడ్చి, తోమిన గిన్నెలే తోమి, మధ్య మధ్యలో వీధిలోకి చూసి.

ఒక పొద్దున నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెదురు కర్ర భుజాన వేసుకుని గడప దాటుతున్నాడు. బావికి పోయేవాణ్ణి కదా అడగకూడదు, చెరువుకు పోయేవాణ్ణి అడిగితే ఏం అనుకున్నాను. కావాలనే, గట్టిగా, ఎప్పుడొస్తవ్ బావా అన్నాను. అత్త చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆగిపోయింది.

ఆయన వెనక్కి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. నా మొహంలోకి చూసి, చాలా రోజులకు నాతో నిండుగా ఒక మాట మాట్లాడాడు.

“అడిగినవ్ గద. నువ్వే రా నాతోని.”

నేను సైకిల్ క్యారియర్ మీద కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. మధిరలోనూ చలి ఉంటుంది గానీ అడవి చలి వేరు, చీర కొంగులోంచి దూరి ఎముక దగ్గర కూర్చుంటుంది. చెరువు మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఆయన కట్ట మీద ఆగలేదు. చెరువు చుట్టూ తిరిగి, అడవి వైపు నుంచి వాగు వచ్చి కలిసే మూలకు తీసుకెళ్ళాడు. వానల్లో వాగు కోసుకుపోయి అక్కడ ఒడ్డు నిలువుగా, మనిషంత ఎత్తున ఉంది. కింద సన్నటి ఇసుక, దాన్ని ఆనుకుని నీళ్ళు. ఆ ఇసుక మీద కూర్చుని గాలం వేశాడు.

నేనూ కూర్చున్నాను. బెండు కదల్లేదు. లేచాను. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. నీళ్ళ మీద నీడ పడుతున్నదన్నాడు. కూర్చున్నాను. కొంగు కప్పుకున్నాను, తీశాను, మళ్ళీ కప్పుకున్నాను. పైన ఒడ్డు మీద కట్టెలమోపులతో గూడెం ఆడవాళ్ళు పోతూ నన్ను చూసి వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఏమన్నారని అడిగితే ఆయనకు కొంచెం అర్థమైనట్టుంది, చెప్పలేదు. ఎంతసేపని చూస్తాం ఒక బెండు ముక్కను? ఆఫీసు కబురు సంగతి ఎత్తాను. పలకలేదు. నీ నోట్లో నాలుక లేదా అన్నాను. ఆయన ఎర్ర మార్చి మళ్ళీ గాలం వేశాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం వచ్చింది, ఆకలి కూడా వేసింది.

ఎండ నీళ్ళ దాకా దిగి కాస్త వెచ్చబడ్డాక బెండు మునిగింది. ఊగడం లేదు, తడబడడం లేదు, ఒక్కసారిగా మాయమైంది. ఆయన కర్ర ఎత్తాడు. దారం బిగుసుకుని చెరువులోకి కాకుండా మా వైపే, ఒడ్డు కిందికి పోయింది. అక్కడ నీటి అంచున తలకాయంత బొరియ ఉంది. కొర్రమట్ట, అన్నాడు, మా వైపు కొరమీను అనే చేప. చలికాలం అది ఒడ్డు కింద గూట్లో ఉంటుంది. గాలంతో సహా గూట్లోకి దూరింది. లాగితే దారం తెగుతుంది. చెయ్యి పెట్టి తియ్యాలి, అంతే పని.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. చెయ్యి బొరియ దాకా తీసుకెళ్ళి ఆపాడు. వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టబోయాడు. ఆ చలిలో ఆయన నుదుట చెమట పట్టింది. అప్పుడు నాకు అర్థమైంది. ఏళ్ళ తరబడి భూమి లోపల పనిచేసిన మనిషి, మట్టి కింద మూరెడు చీకట్లోకి చెయ్యి పెట్టలేకపోతున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఆయనది మొండితనం అనుకున్నాను, బద్ధకం కూడా అనుకున్నాను. అది భయం. ఆ మాట ఇంట్లో ఎవరం అనుకోలేదు.

జరుగు బావా అని ఆయన్ను పక్కకు నెట్టి, ఇసుక మీద బోర్లా పడుకుని నేనే చెయ్యి పెట్టాను. భుజం దాకా దూర్చాను. నీళ్ళు కొరికేస్తున్నాయి. వేళ్ళకు ఏదో జిగటగా తగిలి జారిపోయింది. మళ్ళీ దొరికింది. నా తలకు పైన ఆయన వెదురు కర్ర మొదలుతో ఒడ్డును కొడుతున్నాడు. చేతికి పని లేక కొడుతున్నాడనుకున్నాను. టక్, టక్. కొంచెం జరిగి మళ్ళీ టక్, టక్. ఆగిపోయాడు.

“బయటికి రా.”

దొరికిందాగు అన్నాను. ఆయన గొంతు నేనెప్పుడూ వినని గొంతు. మళ్ళీ చెప్పలేదు. నా రెండు కాళ్ళు పట్టుకుని ఇసుక మీద ఈడ్చేశాడు. నోట్లోకి ఇసుక, చీరంతా బురద. చేప మాత్రం చేతిలోనే ఉంది, దాని మొప్పల్లోకి నా వేళ్ళు దిగబడి ఉన్నాయి. లేచి ఆయన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఒడ్డు చెక్కుచెదరలేదు. దాని మీదున్న తంగేడు చెట్టు ఆకు కూడా రాల్లేదు.

ఆయన దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. ఏం వినిపించిందని అడిగాను. డొల్లగా ఉన్నదన్నాడు. మట్టిగడ్డ మోత కూడా తెలుస్తుందా అన్నాను, ఇంకా కోపం తగ్గక. ఆయన కర్ర పక్కన పడేశాడు.

“ఆ దినం గూడ కొట్టి చూసిన. ఖంగున మోగింది. గట్టిగున్నది కూసో అని నేనే చెప్పిన వానికి. నా చెవి పోయింది. గిప్పుడు గిది గూడ ఒట్టిదే కావచ్చు.”

ఇంటికొచ్చాం. కొర్రమట్టను పెరట్లో నీళ్ళగోలెంలో వేశాం. అది గోలెం అంచు వెంబడి తిరగడం మొదలుపెట్టింది. వండుదామా అని అత్త అడిగితే ఉండనీ అన్నాడు.

మర్నాడు రమ్మని ఆయన పిలవలేదు. నేనే క్యారియర్ ఎక్కి కూర్చున్నాను. వాగుమూలకు చేరేసరికి ఆ చోటు గుర్తుపట్టలేకపోయాను. ఒడ్డు లేదు. మనిషంత ఎత్తున్న మట్టి పెళ్ళ మొత్తం విరిగి ఇసుక మీద, నీళ్ళలో కూలి ఉంది. తంగేడు చెట్టు తలకిందులుగా పడి వేళ్ళు గాల్లో ఉన్నాయి. నేను బోర్లా పడుకున్న చోటు ఎక్కడో ఆ మట్టి కింద ఉంది. నేను సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన మాత్రం దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, విరిగిన చోట అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత గాలం విప్పాడు, దారం కర్రకు చుట్టాడు. తిరిగొచ్చే దారిలో, సైకిల్ తొక్కుతూ, నా వైపు తిరక్కుండానే సోమవారం ఫస్ట్ షిఫ్టుకు పోతానన్నాడు.

నాకు పండగైంది. చలికాలమంతా నేను కోరుకున్నది అదే కదా. నౌకరీ నిలిచింది, ఇల్లు నిలిచింది. ఆదివారం ఆయన టోపీ తుడిచాను, బూట్లు ఎండలో పెట్టాను, అత్తతో నవ్వుతూ మాట్లాడాను. సోమవారం తెల్లవారి టిఫిన్ గిన్నె చేతికిచ్చేదాకా కూడా బాగానే ఉన్నాను. ఆయన గడప దగ్గరికి నడిచాడు. అంతే, చెరువు ఒడ్డున కూలిపడ్డ ఆ మట్టి కళ్ళ ముందుకొచ్చింది. వద్దు బావా, పోవద్దు అని అరవాలనిపించింది. పంపించింది నేనే. నాలుక కరుచుకుని నిలబడ్డాను.

ఆయన గడపలో ఆగి నన్ను చూశాడు.

“మూడు గొట్టంగ వస్త.”

ఆ పొద్దున నేను అడగని మాటకు జవాబది. వంటింటి తలుపు దగ్గర అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన వెళ్ళిపోయాడు.

ఊడవడానికి చీపురు తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టాను. పెరట్లో నీళ్ళగోలెం పక్కన, సందులోంచి వీధి కనిపించేలా పీట వేసుకుని కూర్చున్నాను. కొర్రమట్ట అంచు వెంబడి తిరుగుతూనే ఉంది. నేను మాత్రం కదల్లేదు. కదిలితే ఎక్కడో ఏదో కూలుతుందని భయం. అత్త అన్నానికి పిలిచింది, పోలేదు. ఎండ గోడ దిగింది, నా మీదికొచ్చింది, నన్ను దాటి పోయింది. మూడింటి సైరన్ మోగింది. వీధిలో సైకిళ్ళు వస్తున్నాయి, నల్లటి మొహాలు, గంటలు, దగ్గులు. మా గుమ్మం ముందు ఒక్క సైకిలూ ఆగలేదు. పక్కింటాయన వచ్చేశాడు. ఎదురింటాయన వచ్చేశాడు. మా ఆయన ఏడని వాళ్ళనైనా అడగాలి. పీట మీదే ఉండిపోయాను. వీధి ఖాళీ అయింది.

చాలాసేపటికి పెరటి తలుపు చప్పుడైంది. బొగ్గు మొహంతో వచ్చి నిలబడ్డాడు. దారిలో కాలు పోయిన ఆ జతగాడి ఇంటికి వెళ్ళి, అన్నాళ్ళకు మొదటిసారి వాడి పక్కన కూర్చుని వచ్చానన్నాడు. పొయ్యి ముట్టించలేదా అని అడిగాడు.

లేద్దామనుకున్నాను. పొద్దున్నుంచి కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి, లేవలేకపోయాను.