సరిత చేత కొట్టించిన దెబ్బలు

నారాయణగూడలోని ఆ కాన్వెంటుకు కరస్పాండెంటు బాలత్రిపురసుందరి గారు. ఆమె దయాగుణానికి సాక్ష్యం ప్రతి వార్షికోత్సవంలోనూ దొరికేది. సరితను వేదిక మీద నిలబెట్టి, ఈ పేదపిల్లకు ఫీజు లేకుండా చదువు చెబుతున్నామని మైకులో ప్రకటించేవారు. సరిత తండ్రి దాసయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, చిక్కడపల్లి బస్తీలో ఉంటూ తాపీపని చేసేవాడు. సర్కారు బడిలో ఐదో తరగతి చదివేటప్పుడే ఆ పిల్ల ఎనిమిదో తరగతి లెక్కలు నోటితో చేసేది. అలాంటి మెదడు కంటబడితే దాన్ని పెంచాలని కొందరికి అనిపిస్తుంది. సుందరి గారికి ప్రదర్శించాలనిపించింది.

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు రాఘవేందర్ ఆ మెదడుకు ఇంకొక ఉపయోగం కనిపెట్టాడు. మన బడుల్లో ఒక ఆచారముంది. జవాబు చెప్పినవారు, చెప్పలేనివారి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. మాస్టారు కొడితే తల్లిదండ్రులు నిలదీస్తారు. తోటి పిల్ల కొడితే దాని పేరు పోటీతత్వం. నేరానికి పురికొల్పినవాడూ నేరస్థుడేనని నేను లా కాలేజీలో చదివాను. తరగతి గది గుమ్మం దగ్గర ఆ సూత్రం చెప్పులతో పాటు బయటే ఆగిపోతుంది కాబోలు.

జవాబు ఎప్పుడూ సరితకే వచ్చేది గనుక కొట్టే పనీ ఎప్పుడూ ఆమెదే. మొదటిరోజు చెంపలను వేళ్లతో తాకి వదిలేసింది. కొట్టడమంటే ఏమిటో రాఘవేందర్ ఆమె చెంప మీదే చూపించాడు. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగి, "కూలోళ్ల పిల్లకొచ్చింది, మీకు రాలే. సిగ్గుండాలె" అన్నాడు. ఒక పిల్లను తరగతి మొత్తానికీ శత్రువును చేయడానికి ఇంతకన్నా పకడ్బందీ పద్ధతి నాకు తెలియదు. మధ్యాహ్నం అమ్మాయిలు గుంపుగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవారు. సరిత దగ్గరికొస్తే, "జల్లాదొచ్చిందే, ముక్కులు దాచుకోండ్రి" అంటూ, తలారి వచ్చినట్టే సందు లేకుండా జరిగి కూర్చునేవారు.

సింధూర ఒక్కతే చోటిచ్చేది. అశోక్ నగర్‌లో ఉండే సచివాలయ ఉద్యోగి ధర్మారావు కూతురామె. సాయంత్రాలు ఇద్దరూ గ్రంథాలయానికి వెళ్లి బొమ్మల పుస్తకాలు చదివేవారు. కథలోని దెయ్యానికి ఆకలి వేస్తుందా అని సరిత అడిగితే సింధూర పడీపడీ నవ్వేది. సరితకు ఆ బడి నుంచి కావలసింది ర్యాంకు కాదు, పక్కన కూర్చుని అన్నం తినే ఈ ఒక్క మనిషి.

ఒకనాడు రాఘవేందర్ భిన్నాల లెక్క ఇచ్చి సింధూరను లేపాడు. ఆమెకు రాలేదు. సరితకు వచ్చింది. మాస్టారు చూస్తుండగా మెల్లగా కొట్టే వీలులేదు.

మర్నాడు ధర్మారావు వచ్చాడు. కొట్టించిన మాస్టారికి వినయంగా నమస్కరించి, కొట్టిన పిల్ల తండ్రిని పిలిపించమన్నాడు. పని మధ్యలోంచి సిమెంటు చేతులతో పరుగెత్తుకొచ్చిన దాసయ్యతో, "ఏమయ్యా, చదువు ఊరికే దొరుకుతోందని అమ్మాయిని ఇలా వదిలేస్తే ఎలా?" అన్నాడు. సుందరి గారు అక్కడికక్కడే తీర్పిచ్చారు: ప్రార్థన సమయంలో సరిత అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. విచారణ లేదు, ముద్దాయి మాట వినడం లేదు. రాఘవేందర్ గంభీరంగా తలూపాడు. సరిత క్షమాపణ చెప్పిన రోజునే, మొదటి పీరియడ్‌లో, మళ్లీ ఆమె చేతే ముగ్గురిని కొట్టించాడు.

సింధూర వేరే బెంచీకి మారిపోయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర సరిత తండ్రిని అడిగింది: "నాయినా, నాకు గూడ రాదని చెప్తే కొట్టుడుండదు గద?"

"సీటు పోతది బిడ్డా," అన్నాడు దాసయ్య.

అయినా ఆ తర్వాత సరితకు ఏ లెక్కా రాలేదు. ఎప్పుడడిగినా "తెల్వదు సార్" అనేది. రాఘవేందర్ మొదట నమ్మలేదు, పిదప పొగరన్నాడు. ఒకరోజు తేలిక లెక్క ఒకటి సింధూరకు వచ్చింది. రానివారందరినీ కొట్టమని ఆమెను పంపాడు. వరుసలో సరిత దగ్గరికి వచ్చి, ముక్కు పట్టుకుని, చేయి బాగా వెనక్కి తీసి కొట్టింది సింధూర. ఎంత త్వరగా నేర్పారు ఆ విద్యను!

ఆ మధ్యాహ్నం దెబ్బలు తిన్నవాళ్లలో ఒకమ్మాయి పక్కకు జరిగి, "ఇట్ల రావే, కూసో" అంటూ సరిత ముందుకు మామిడికాయ తొక్కు నెట్టింది. సింధూర కిటికీ దగ్గర ఒంటరిగా తిన్నది. తెలివి చూపితే పక్కన తినే తోడు పోయి, తెలివి దాచుకున్న రోజునే తోడు దొరికేలా పిల్లలను పెంచే చోటును మనం సరస్వతీ నిలయమంటాం.

సరిత వార్షిక పరీక్షల్లో బొటాబొటిగా గట్టెక్కింది. సుందరి గారు ఉచిత సీటు రద్దు చేస్తూ, బస్తీ తెలివి పైపై మెరుపేనని తేల్చారట.

బర్కత్‌పురలో నేను జూనియర్‌గా ఉన్న వకీలు ఇంటికి గోడ కడుతున్నప్పుడు దాసయ్య ఇదంతా చెప్పి, సీటు తిరిగొచ్చే దారి ఉందా అని అడిగాడు. నోటీసుకు మాటలు అప్పటికే నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. కానీ ముందు సరితను అడిగాను. ఇటుకల మీద కూర్చుని ఉన్న ఆ పిల్ల తండ్రి వైపు ఒకసారి చూసి, నాతో అంది:

"వద్దక్కా. సర్కారు బళ్లె సారే కొడతడు. నన్ను కొట్టుమనడు."