మంగ కోసం నానబోసిన అనపలు

ఇందులో ప్రతి మాటా నిజం. మామూలు ఒట్టు కాదు, కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు. మా చిత్తూరు వైపు ఈ ఒట్టంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పక్కింటి కోడిని కూర వండుకుని నేరం నక్క మీదికి నెట్టినవాడు కూడా ఊరి పంచాయతీలో ఎంతసేపైనా బుకాయిస్తాడు గానీ, "సరే, కాణిపాకం పోయి కోనేట్లో మునిగి ప్రమాణం చెయ్యి" అనగానే నోరెండిపోయి, ఈకలు ఎక్కడ పూడ్చిపెట్టాడో కూడా చూపిస్తాడు. అలాంటి దేవుడి మీద ఒట్టేసి రాస్తున్నాను. తిరుపతిలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి కాస్త దూరం ఉందనుకోండి, అయినా ఒట్టు ఒట్టే.

నిన్న పొద్దున మా వంటింట్లో, రాత్రి నానబోసిన అనపగింజల గిన్నె మూత తీశాను. పచ్చివాసనా, తడిమట్టి వాసనా, అప్పుడే పాలు తాగి వచ్చిన దూడ మూతి వాసనా కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే చేతులు వాటంతటవే గిన్నెలోకి పోయాయి. నానిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తొక్క వేళ్ళలో ఉండిపోతుంది, లోపలి పప్పు చేప పిల్లలా జారి ఎగిరి పడుతుంది. అలా పితికిన పప్పుతో చేసే కూరకే మా వైపు పితికిపప్పు అని పేరు. వేడి రాగిసంగటి ముద్దకి గుంట చేసి ఆ కూర పోసుకుని తిన్నవాడు భోజనం దగ్గర్నుంచి లేవడు, ఎవరైనా వచ్చి లేపాలి. అయితే తినడానికి పట్టేది కాసేపు, పితకడానికి పట్టేది పూటంతా. ఆ పూటంతా పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి మా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేరే కథ.

మా ఊరు ఐరాల దగ్గర. ఎండాకాలం సెలవుల్లో మామిడికాయల లారీలు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీల వైపు వరసకట్టి పోతుంటే, వాటి వెనకాల ఈగలు టిక్కెట్టు లేకుండా అక్కడిదాకా ప్రయాణం చేసేవి. ఎండ ఎంత గట్టిగా ఉండేదంటే, మా అమ్మ మిద్దె మీద ఆరబెట్టిన అప్పడాలు సాయంత్రానికి వేగి కిందికి వచ్చేవి, నూనె ఖర్చు ఉండేది కాదు. అందుకే మధ్యాహ్నాలు మమ్మల్ని బయటికి వదిలేవాళ్ళు కాదు. వీధి తిన్నె మీద వేపచెట్టు నీడ పడే చోట చాప పరిచి, మధ్యలో నానిన అనపల గిన్నె పెట్టి, చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్ళు. ఆ ఏడు కథ చెప్పడానికి మా మేనత్త వచ్చింది.

మేనత్త అంటే నాయనకి అక్క, రత్నమ్మ. కాణిపాకంలో గుడి బయట గరిక మాలలూ కొబ్బరికాయలూ అమ్మే చిన్న అంగడి వాళ్ళది. ఏళ్ళ తరబడి గరిక కట్టి కట్టి ఆమె వేళ్ళు పచ్చబడి ఉండేవి. ఆ వేళ్ళతో కథలో రాక్షసుడి మీసం తిప్పి చూపిస్తే మీసం కూడా పచ్చగానే కనిపించేది. అత్త కథకి షరతులుండేవి. చేతులు ఆగితే కథ ఆగుతుంది. ఊ కొట్టడం మరిచిపోతే కథ వెనక్కి నడుస్తుంది, అంటే కష్టపడి కొండ ఎక్కిన మనిషి మళ్ళీ కొండ కిందికి వచ్చేస్తాడు. మా చెల్లెలు చిట్టి దగ్గర ఎన్నో రకాల ఊలుండేవి: భయం ఊ, ఆకలి ఊ, నిద్ర ఊ, పక్కన కూర్చున్నవాడిని గిల్లుతూ పలికే దొంగ ఊ. నేను పెద్దవాణ్ణి కాబట్టి ఊ అనడం నామోషీ, "ఆఁ" అనేవాణ్ణి. అత్త ఊరుకుంటుందా? మర్నాటికి కథలోకి ఒక గాడిదని తోలుకొచ్చింది. ఆ గాడిద ఎవరేమన్నా "ఆఁ" అంటుంది. నేను ఆ రోజునుంచే ఊకి మారాను.

మేమూ తక్కువ తినలేదు. కథలో రాజుకి వడ్డిస్తుంటే "సంగటి పెట్టు" అని పట్టుబట్టేవాళ్ళం, పెట్టేది. రాక్షసుడికి జలుబు చేయించమనేవాళ్ళం, చేయించేది. కాకపోతే వాడు తుమ్మినప్పుడు ఆ తుంపర్లు మా మొహాల మీదే పడేవి, గిన్నెలో నీళ్ళు అందుబాటులోనే ఉండేవి కదా. కథ తాడుకి ఒక కొన ఆమె చేతిలో ఉంటే రెండో కొన మా చేతుల్లో ఉండేది, ఎవరు ఎటు లాగితే కథ అటు వచ్చేది.

ఈ ఆటలోకి రానిది మా నాయన ఒక్కడే. ఆయన లెక్కలో కథ అంటే పని లేనివాళ్ళ పని. పొలం నుంచి వచ్చి, సంగటి తిని, తువ్వాలు మొహం మీద కప్పుకుని తిన్నె చివర పడుకునేవాడు. మా నవ్వులకి మెలకువ వస్తే తువ్వాలు కిందనుంచే "ఏంటికి అట్ల నగతా ఉండారు?" అని, జవాబు కోసం చూడకుండానే మళ్ళీ గురక అందుకునేవాడు.

ఆ ఏడు అత్త మొదలుపెట్టింది మంగ కథ. మంగ కుమ్మరాయన కూతురు. కాలి గజ్జె ఊడి ఎలుక బొక్కలో పడితే తీయడానికి వేలు పెట్టింది, అందలేదు. చెయ్యి పెట్టింది, అందలేదు. తల పెట్టింది, జర్రున జారి లోపలికి పోయింది. భూమి అడుగున ఇంకో ఊరుంది. అక్కడ వాన కిందనుంచి పైకి కురుస్తుంది. పిల్లలు కుర్చీల్లో కూర్చుని పాఠం చెబుతారు, నాయనలు నిక్కర్లేసుకుని, పలకలు పట్టుకుని, ముక్కులు చీదుకుంటూ బడికి పోతారు.

"ఆ బళ్ళో కడాకి ఒకాయన కూసోని ఉండాడు," అంది అత్త, గింజ పితుకుతూ. "పలక మొగం మింద పెట్టుకోని గురక పెడతా ఉండాడు."

"అత్తా, ఆయప్పది ఏ ఊరు?" అని చిట్టి.

"ఏమో మే, మొగం కనపడల్యా. గురక మాత్రం నాకు తెలిసిన గురకే."

తిన్నె చివర తువ్వాలు కింద గురక ఒక్క క్షణం ఆగింది. మేం పప్పు గిన్నెలో తలలు దూర్చి నవ్వాం.

గజ్జె దొరికింది. మంగ పైకి రావాలి. చింతచెట్టు వేళ్ళు పట్టుకుని ఎగబాకుతోంది, సగం దూరం వచ్చింది, ఒక వేరు తెగింది, ఇంకో వేరు కిర్రుమంటోంది, ఒంటిచేత్తో వేలాడుతోంది. సరిగ్గా అక్కడ అత్త చేతులు దులుపుకుంది.

"పప్పు అయిపాయ. లేయండి."

"మంగ?"

"మంగ ఏలాడతా ఉండాది. నన్నేం జేయమంటారు, గింజల్లేవే. రేపు పొద్దున బస్సుకి నేను పోతాండా. మీ మామ ఒక్కడే అంగట్లో ఉండాడు."

అది పిల్లల్ని ఏడిపించే పెద్దల ఆట. మళ్ళీ వచ్చేదాకా తన కోసం ఎదురుచూడాలని ఆమె కోరిక. కానీ చిట్టికి అది ఆటగా తోచలేదు. అన్నం ముట్టలేదు. "ఆ పిల్లకి సేతులు నొయ్యవా?" అని అందరినీ అడిగింది. ఎంతసేపు వేలాడవచ్చో తేల్చుకోవడానికి పెరట్లో జామకొమ్మ పట్టుకుని తనే వేలాడి చూసింది. కాసేపటికే దబ్బున కింద పడి, మోకాలు గీరుకుని, నా దగ్గరికొచ్చి "అన్నా, ఆ పిల్ల తెల్లారేదాకా ఉండదు" అంది.

గింజలుంటే కథ ఉంటుంది. గింజలు మిగిలి ఉండగా అత్త బస్సెక్కదు. ఇంత తేలిక లెక్క నేను మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. మూలగదిలో నోటికి గుడ్డ కట్టిన కుండ ఒకటుంది, దాన్నిండా అనపలే. ఎందుకో ఎర్రమట్టి పట్టి ఉన్నాయి. మట్టి మంచిది కాదని, సందకాడ అమ్మ పాలు పితకడానికి పోయినప్పుడు, ఇద్దరం కలిసి శుభ్రంగా కడిగి, ఇంట్లో ఉన్న దబరలన్నిటికంటే పెద్ద దబరలో నానబోశాం. పురుగు పట్టకుండా ఎర్రమట్టి కలిపి దాచిన విత్తనాలవి, ఇంకొన్నాళ్ళలో శెనక్కాయల్లో సాళ్ళుగా వేయాల్సినవి అని మాకేం తెలుసు?

పొద్దున్నే అమ్మ కేక. "అయ్యో నా తల్లో! ఇత్తనాలు గదరా ఇవి!"

నాయన వచ్చాడు. ఉబ్బిన గింజల్ని గుప్పెడు తీశాడు, నీళ్ళు మోచేతి దాకా కారాయి. "ఎవురు జేసిన పని ఇది?"

నేను దూడ వైపు చూశాను. చిట్టి మాత్రం బావురుమంది. "ఆ పిల్ల పడిపోతాది నాయనా! రాత్రంతా ఏలాడతానే ఉండాది!"

నాయన చేతిలోంచి గింజలు జారిపోయాయి. "ఏ పిల్లమే? యాడ?"

"లోపల. శానా లోతు."

"బాయిలోనా?"

"బాయి కన్నా లోతు నాయనా!"

అంతే. కొయ్యకి తగిలించిన బండి మోకు, గడ్డి లోడు కట్టే ఆ లావుపాటి తాడు, భుజాన వేసుకుని నాయన పరుగు. మా బావిలోకి వంగి చూశాడు, కప్ప తప్ప ఏమీ లేదు. మామిడితోట బావి వైపు పరుగు. ఎదురింటి మునెప్ప "ఏమన్నా, ఏమన్నా" అంటూ వెనకాల, మునెప్ప వెనకాల వాళ్ళ కుక్క, కుక్క వెనకాల ఊరు. వీధిలో తల్లులందరూ వాకిళ్ళలోకొచ్చి తమ పిల్లల పేర్లు పెట్టి గొంతు చించుకుంటుంటే, ఆ పిల్లలు కూడా మాతోపాటే బావుల వెంట పరిగెత్తుతున్నారు కాబట్టి పలికేవాడు లేడు. అందరికంటే వెనక చిట్టి, "ఆడ కాదు నాయనా! ఆడ కాదు!" అని ఏడుస్తూ.

చివరికి నాయన ఆగి, దాన్ని ఎత్తుకుని, రొప్పుతూ అడిగాడు. "యాడ సూసినావు తల్లీ ఆ పిల్లని?"

"నేను సూళ్ళే. అత్త సెప్పింది."

ఊరంతా మా ఇంటికి తిరిగొచ్చింది. అత్త సంచి సర్దుకుని తిన్నె మీద కూర్చుని ఉంది.

"అక్కా, ఏ పిల్ల?"

"మంగ."

"యాడుండాది?"

అత్త ఒకసారి జనాన్ని చూసింది, ఒకసారి మోకుని చూసింది. "కతలో," అంది, చాలా చిన్నగా.

ముందు నవ్వింది మునెప్ప. "అన్నా, అంత లోతుకి ఈ మోకు సాలదు, మాది గూడా తెమ్మంటావా?" అన్నాడు. వీధి వీధంతా గొల్లుమంది. నాయన మొహం కందిపోయింది. ఆయన ఒక్క అరుపు అరిస్తే అత్త బస్సెక్కి పోతుంది, మంగ పడిపోతుంది, మా ఇంట్లో కథ అన్న మాట మళ్ళీ వినపడదు. చిట్టి ఆయన చంకలోనే ఉంది, ఏడుపు మింగుతూ ఆయన మొహంలోకే చూస్తోంది.

నాయన దాన్ని కిందికి దించాడు. భుజం మీది మోకు తీసి అత్త కాళ్ళ దగ్గర పెట్టాడు. "తాడు తెచ్చినా గదక్కా. లాగెయ్. పాపం ఎంతసేపని ఏలాడతాది," అన్నాడు. చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, దబర ముందుకు లాక్కున్నాడు.

నానిన గింజ ఆగదు, పితకాల్సిందే. బావుల వెంట పరిగెత్తిన వాళ్ళంతా కూర్చున్నారు. ఇక ఆ ఊలు వినాలి! మునెప్పది చుట్ట కాల్చి కాల్చి బొంగురుపోయిన ఊ, ఆడవాళ్ళది పమిట చాటు ఊ, నాయనది కొత్తగా కాడి మోపిన ఎద్దు ఊ. అత్త మా మోకునే బొక్కలోకి వదిలింది. పట్టుకుని లాగడానికి కథలోకి పేరు పేరునా అందరినీ పిలిచింది, మునెప్ప కుక్కతో సహా. ఆవలి వైపు నిక్కరు నాయనలు కూడా పలకలు పారేసి మంగని కిందనుంచి ఎత్తారట. మంగ పైకొచ్చేసరికి చిట్టి నా ఒళ్ళో నిద్రపోయింది. కాణిపాకం బస్సు ఎప్పుడో హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

ఆ పూట వీధిలో ప్రతి ఇంట్లోనూ పితికిపప్పే. గిన్నె తీసుకుపోయిన ప్రతి ఇల్లూ విత్తే వేళకి ఒక గుప్పెడు విత్తనం తెచ్చి పోసింది. ఎవరి విత్తనం వారిది కాబట్టి ఆ ఏడు మా చేలో అనపలు ఒక సాలు తెల్లగా, ఒక సాలు ఊదాగా పూశాయి. నమ్మకపోతే మునెప్పని అడగండి. ఆయన పోయి చాలాకాలమైంది, అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పుడు నేను పిల్లల కథలు రాస్తుంటాను. ఆమధ్య ఒక బడికి వెళితే టీచరమ్మ ఒకామె నిలదీసింది: "మీ కథల్లో పెద్దవాళ్ళు ఒక్క మంచిమాట చెప్పరు, ఎప్పుడు చూసినా పిల్లలతో కలిసి అల్లరి చేస్తుంటారు, ఇదేం పద్ధతండీ?" నేను మంగ కథ చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు, ఒక్కడూ ఊ అనలేదు. ఊ కొట్టాలని వాళ్ళకి తెలియదు. టీవీకి ఎవరూ ఊ కొట్టరు, ఫోనుకి కొట్టరు, అచ్చుపుస్తకానికి కూడా కొట్టరు. కొట్టకపోయినా కథ ముందుకే పోతుంది. అలిగి వెనక్కి నడిచే కథలు అత్తతోనే పోయాయి. తిన్నె రోడ్డు వెడల్పులో పోయింది, మా చేలో అనపలు మానేసి మామిడి పెట్టాం.

ఇక ఒట్టు సంగతి. వచ్చే వారం పని మీద కాణిపాకం మీదుగా పోవాల్సి ఉంది, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. బావుల వెంట పరుగు నిజం, మునెప్ప ఎగతాళి నిజం, రెండు రంగుల పూలు కూడా నిజమే. కల్పించింది ఒక్కటే: నాయన ఆ మాట అనలేదు. చాప మీద కూర్చోలేదు, ఊ కొట్టలేదు. నా ప్రతి పుస్తకంలోనూ ఎవరో ఒక పెద్దాయన్ని తెచ్చి పిల్లల మధ్య కూర్చోబెట్టడం నాకు అలవాటైపోయి, ఇక్కడా కూర్చోబెట్టేశాను. జరిగింది ఇంతే. అందరూ నవ్వుతుంటే ఆయన చిట్టిని దించి పొలానికి వెళ్ళిపోయాడు. కాకపోతే నాయన ఏ వస్తువునైనా దాని చోటున తప్ప పెట్టే మనిషి కాదు. కొడవలి చూరులో, చెంబు బోర్లా, మోకు కొయ్యకి. ఆ రోజు మాత్రం మోకుని కొయ్యకి తగిలించలేదు. చుట్ట చుట్టి అత్త కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు. అత్త దానివైపు చూసి, సంచి పక్కన పెట్టి, కథ అందుకుంది.

మాటలు నావి. తాడు ఆయనదే.